అవ్వ భాష, మనుమరాలి భాష: వలస కుటుంబములలో విశ్వాస వారసత్వము

రూతు గ్రంథము కరువుతో ఆరంభమవుతుంది. బేత్లెహేములో ఆహారము లేక ఒక కుటుంబము మోయాబుకు వలస వెళ్ళింది (రూతు 1:1). గుమ్మఘట్టలో సేవ చేసే కాపరికి ఈ వచనము మీద వ్యాఖ్యాన గ్రంథము అవసరము లేదు. వేదవతి మీద కట్టిన బైరవానితిప్ప ప్రాజెక్టు మా మండలములోనే ఉన్నా, వేరుశనగ ఎండిపోయిన ఏట కుటుంబములు బెంగుళూరుకు బేల్దారి పనికి పోతాయి. పిల్లలను అవ్వాతాతల దగ్గర విడిచిపోయేవారు కొందరు, వెంట తీసుకుపోయేవారు కొందరు. మా సరిహద్దు పల్లెలకు కన్నడము కొత్త కాదు. తెలుగు అక్షరములు రాని మనుమలు సెలవులకు వచ్చి, గుడిలో అవ్వ ప్రక్కన కూర్చుని ఊరకే పేజీలు త్రిప్పటము కొత్త.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో కూడ ఇదే కష్టము ఉన్నది. దూరము, డబ్బు వేరు. కాపరి ఎదుట నిలిచే ప్రశ్న ఒకటే. అవ్వ విశ్వాసము ఆమె భాష రాని మనుమరాలికి ఎలా అందుతుంది?

ఈ ప్రశ్నను మనకంటె ముందు ఎదుర్కొన్న తెలుగు సంఘములు దక్షిణ ఆఫ్రికాలో ఉన్నాయి. 1860 నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నాటాలుకు వెళ్ళారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కిన తమిళులు, తెలుగువారు. ఒప్పందము ఐదేండ్లకు; చెరకు తోటలలో, గనులలో, రైలు మార్గములలో పని. ఓడ ఎక్కించుకొన్నది పని చేయగల వయసువారిని. కనుక అవ్వలు చాలవరకు ఒడ్డుననే మిగిలారు. నాటాలులో పుట్టిన మొదటి తరము పిల్లలలో అనేకులు అవ్వ ఒడి ఎరుగకుండా పెరిగారని మనము గ్రహించాలి.

1903లో నెల్లూరు ప్రాంతపు బాప్తిస్టు సేవకుడు రెవరెండ్ జాన్ రంగయ్య గారు ఈ కూలీల మధ్య సేవకై నాటాలు చేరారు. ఆయనను పంపినది తెలుగు బాప్తిస్టుల స్వంత మిషనరీ సంఘము. తేయాకు తోటలున్న కియర్‌స్నీలో సంఘము ఏర్పడింది. 1915లో మరణించే వరకు ఆయన అక్కడే పనిచేశారు. తెలుగు ప్రార్థన, తెలుగు బైబిలు, ఆదివారము కలుసుకొనే పెద్దలు – ఒడ్డున విడిచి వచ్చిన పెద్దతరపు స్థానమును కొంతవరకు సంఘమే నింపిందని నా అభిప్రాయము.

తరువాతి తరములలో ఇంటి మాట ఇంగ్లీషుకు మారిపోయింది. 1931లో స్థాపించబడిన ఆంధ్ర మహాసభ తెలుగు నేర్పటానికి పాటుపడింది. 1996 నాటి దక్షిణ ఆఫ్రికా రాజ్యాంగము గౌరవింపవలసిన భాషలలో తెలుగును పేరు పెట్టి చెప్పింది కూడ. రాజ్యాంగములో చేరిన భాష వంటింటిలో నిలువలేదు. ఆ సంఘములలో ఆరాధన ఇంగ్లీషులోకి మారింది. దీనిని ఓటమి అని తేల్చివేసేవారున్నారు. నేను ఒప్పుకోలేను. భాష పోవటము నిజమైన నష్టమే; అయినా తెలుగుతో పుట్టిన సంఘము తెలుగు పోయిన తరువాత కూడ బ్రతికి ఉన్నది.

లేఖనము ఇందులో రెండు వైపులా మాటలాడుతుంది. అష్డోదు భాష మాటలాడే పిల్లలను చూచి నెహెమ్యా తండ్రులను కొట్టి, వారి తలవెండ్రుకలు పెరికివేశాడు (నెహెమ్యా 13:23–25). అయితే అదే గ్రంథములో లేవీయులు ధర్మశాస్త్రమును చదివి, జనులు గ్రహించునట్లు అర్థము చెప్పారు (8:7–8). మనలో చాలమందికి పదమూడవ అధ్యాయము త్వరగా గుర్తుకు వస్తుంది. తిమోతి సంగతి చూడండి. తండ్రి గ్రీసు దేశస్థుడు, తల్లి యూదురాలు (అపొ. కార్య. 16:1). ఊరు లుస్త్ర, అక్కడి జనులు లుకయోనియ భాషలో కేకలు వేసేవారు (14:11). ఇన్ని భాషల మధ్య అవ్వయైన లోయి విశ్వాసము యునీకే ద్వారా అతనికి అందింది (2 తిమోతి 1:5). పౌలు లోయి విశ్వాసమును జ్ఞాపకము చేశాడు, ఆమె ఏ భాషలో ప్రార్థించిందో చెప్పలేదు.

నేను పదమూడవ అధ్యాయపు కాపరినే. కొన్నేండ్ల క్రితము బెంగుళూరు నుండి వచ్చిన ఒక అమ్మాయి ఆరాధనలో ఇంగ్లీషు బైబిలు తీసి చదవబోయింది. “ముందు తెలుగు నేర్చుకో తల్లీ, తరువాత చదువుదువు” అని సంఘము ఎదుటనే అన్నాను. జుట్టు పట్టుకోలేదు గాని, పని అదే. ఆ అమ్మాయి కూర్చుండిపోయింది. ఆమె అవ్వ తరువాత మూడు ఆదివారములు గుడికి రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగితే, “అయ్యగారూ, అది నాకోసమే చదవాలని లేచింది. నాకు ఏ అక్షరమూ రాదు కదా” అన్నది.

ఆ మాట తరువాత మా సెలవుల క్రమము మార్చాము. ఇప్పుడు మనుమలు తమకు వచ్చిన భాషలో వచనము చదువుతారు. అవ్వలు ఆ కథనే తమకు తెలిసినట్లు తెలుగులో చెబుతారు. అర్థము కాని మాటను ఒకరినొకరు అడగటానికి సమయమిస్తాము. ఆరాధన అరగంట ఎక్కువ పడుతుంది. కొందరు పెద్దలు విసుగుకొంటారు. మొదటి ఏడు మేము తీసుకొన్నది రూతు గ్రంథము. మోయాబు కోడలు కన్న బిడ్డను నయోమి కౌగిట చేర్చుకొన్న చోట (4:16) ఆ అవ్వ తన మనుమరాలి చదువును మధ్యలో ఆపి, “ఆ బిడ్డ ఆమెను ఏమని పిలిచాడో వ్రాశారా?” అని అడిగింది. వ్రాయలేదని మనుమరాలు చెప్పింది, తెలుగులోనే.