ఇప్పకొమ్మ మీద బంగారం, సముద్రరాజు ఇంట్లో పెళ్ళాం

శ్రీముఖలింగం మధుకేశ్వరుడి కథ మా శ్రీకాకుళం జిల్లాలో చాలామంది విన్నదే. ఒక శబర నాయకుడికి ఇద్దరు భార్యలు, చిత్తి, చిత్కళ. ఇద్దరికీ పడక వాకిట్లో ఉన్న ఇప్పచెట్టును చెరో కొమ్మ పంచుకున్నారు. తెల్లారి చూస్తే చిత్కళ కొమ్మ కింద బంగారు పువ్వులు, చిత్తి కొమ్మ కింద మామూలు పువ్వులు. తగవు ముదిరింది. విసిగిపోయిన మొగుడు గొడ్డలి తీసుకుని చెట్టునే నరికేశాడు. ఆ మొదట్లోంచి శివుడు వెలిశాడు. సంస్కృతంలో ఇప్పను మధూకం అంటారు కాబట్టి ఆయన మధుకేశ్వరుడయ్యాడు.

చిన్నప్పుడు దీన్ని గుడి కథగానే విన్నాను. నవలలు చదవడం అలవాటయ్యాక ఇందులో వేరే సంగతులు కనిపించాయి. ఒక మగవాడి కోసం ఇద్దరాడవాళ్ళ ఆరాటం ఉంది. ఒకే వేరు మీద నిలిచిన చెట్టుకి ఒక కొమ్మే ఎందుకు బంగారం పూసిందన్న చిక్కుముడి ఉంది. ఆ ముడి విప్పడానికి జాతి నమ్మకం ఉంది. అన్నిటికన్నా నాకు నచ్చింది పువ్వుల లెక్క. ఇప్పపువ్వు కొండమీద వాళ్ళకి తిండి, సారా, సంతసరుకు. వేసవి మొదట్లో పొద్దు పొడవకముందే వెళ్ళి రాలిన పువ్వు ఏరుకోవాలి. కాబట్టి కొమ్మ పంపకమంటే ఆ ఇంట్లో నిజమైన ఆస్తి పంపకం. బంగారం ఆ నిజం మీద పూసింది.

ప్రేమ, మర్మం, జానపద విశ్వాసం మూడూ ఇలా ఒకే మొదట్లోంచి రావాలి. విడివిడిగా తెచ్చి అతికిస్తే నిలవవు. ఈ పని నేను చూసినంతలో అందరికన్నా బాగా చేసిన నవలాకారుడు నైజీరియా వాడు, ఎలెచి అమాడి.

ఆయన 1934లో పోర్ట్ హార్కోర్ట్ దగ్గర అలూ అనే ఊళ్ళో పుట్టారు. ఇబాదాన్‌లో భౌతికశాస్త్రం, గణితం చదివారు. భూముల సర్వే చేశారు, పాఠాలు చెప్పారు, సైన్యంలో పనిచేశారు. 1966లో వచ్చిన ఆయన మొదటి నవల పేరు ‘ది కాంక్యుబైన్’. మన మాటలో ‘ఉంపుడుగత్తె’. ఆ పేరు చూసి ఏదో ఊహించుకుని తెరిచినవాళ్ళకి మరో లోకం ఎదురవుతుంది.

ఒమొకాచి అనే పల్లె. తెల్లవాడి అడుగు ఇంకా పడని కాలం. ఇహువోమా అందగత్తె, నెమ్మదస్తురాలు, ఊరందరికీ ఇష్టురాలు. భర్త ఎమెనికె పొలం హద్దు తగాదాలో మదుమె అనేవాడితో కలబడి దెబ్బ తింటాడు, తర్వాత ఛాతీ పట్టేసి చనిపోతాడు. ఆమె మీద కన్నేసిన మదుమె ఆమె తోటకే దౌర్జన్యంగా వస్తే నాగుపాము కళ్ళలోకి విషం చిమ్ముతుంది. చూపు పోయినవాడు ఉరేసుకుంటాడు. తర్వాత ఎక్వుయెమె అనే కుర్రవాడు ఆమెను ప్రేమిస్తాడు. అతనికి చిన్ననాడే అహురోలెతో సంబంధం ఖాయమై ఉంది, పెద్దలు ఆ పెళ్ళే చేస్తారు. మొగుడి మనసు తిప్పుకోవాలని అహురోలె వశీకరణ మందు పెడితే అతనికి పిచ్చెక్కుతుంది. అడవిలో చెట్టెక్కి కూర్చుంటాడు, ఇహువోమా వస్తేనే దిగుతానంటాడు.

అతను కోలుకున్నాక ఇహువోమాతో పెళ్ళికి పెద్దలు ఒప్పుకుంటారు. అప్పుడు సోదె చెప్పే అన్యికా అసలు సంగతి బయటపెడతాడు. ఇహువోమా పూర్వజన్మలో సముద్రరాజు భార్య. ఆయన వద్దన్నా వినకుండా మనుషుల్లోకి వచ్చి పుట్టింది. ప్రేమకొద్దీ ఆమెను ఏమీ చేయడు గానీ ఆమెను పెళ్ళాడినవాణ్ణి బతకనివ్వడు. ఎవరికైనా ఉంపుడుగత్తెగా ఉండొచ్చు, భార్యగా ఉండకూడదు. సముద్రరాజును శాంతింపజేయడానికి అర్ధరాత్రి నదిమీద బలి ఇవ్వాలనుకుంటారు. దానికి రంగురంగుల తొండ కావాలి. ఇహువోమా కొడుకు తొండలకి గురిపెట్టి వదిలిన బాణం ఎక్వుయెమెకి తగిలి ప్రాణం తీస్తుంది.

గండం తప్పించడానికి మొదలుపెట్టిన పనే గండమైంది. గణితం చదివినవాడి చేతి పొందిక అది అని నాకనిపిస్తుంది. ఇంకా లోతుగా చూడాల్సింది ఆ చావుల తీరు. దెబ్బ తగిలి జబ్బు చేసింది, పాము విషం చిమ్మింది, పిల్లవాడి గురి తప్పింది. ప్రతిదానికీ వైద్యుడో పోలీసో ఒప్పుకునే కారణం ఉంది. దాని వెనక సముద్రరాజూ ఉన్నాడు. ఏది నమ్మాలో అమాడి ఎక్కడా చెప్పరు. అపరాధ పరిశోధన నవలలో హంతకుడు దొరికితే కథ తీరిపోతుంది. ఇక్కడ జవాబు దొరికాక భయం ఇంకా పెరుగుతుంది.

నైజర్ డెల్టాలో నీటి దేవతలు కథల కోసం పుట్టినవాళ్ళు కారు. ఏరు దాటే వాళ్ళూ చేపలు పట్టే వాళ్ళూ రోజూ తలుచుకునే వాళ్ళు. పశ్చిమాఫ్రికా అంతటా కొలిచే ‘మామీ వాటా’ అనే జలదేవత బొమ్మకి మన దేశంతో చుట్టరికం కూడా ఉంది. పామును మెడలో వేసుకున్న స్త్రీ బొమ్మ ఒకటి 1880లలో జర్మనీలోని హాంబర్గ్‌లో అచ్చయి ఆఫ్రికా చేరింది, జనం అందులో తమ దేవతను చూసుకున్నారు. 1955లో అదే బొమ్మను బొంబాయిలోని శ్రీరామ్ క్యాలెండర్ కంపెనీ ఘనా వర్తకుల కోసం మళ్ళీ అచ్చువేసింది.

ఇహువోమాకి చెల్లెళ్ళు మన కొండల మీదే ఉన్నారు. మహేంద్రగిరి చుట్టూ, ఒడిశా సరిహద్దు పొడుగునా ఉండే సవరల్లో చనిపోయినవాళ్ళతో మాట్లాడించే ఆడవాళ్ళుండేవారు. అలాంటి ఆమెకి పాతాళంలో ఒక ఆత్మతో పెళ్ళవుతుంది, అక్కడ కాపురం, పిల్లలు కూడా ఉంటారు. ఆ పెళ్ళికి ఒప్పుకోకపోతే జబ్బు చేస్తుందని నమ్మకం. వెరియర్ ఎల్విన్ 1955 నాటి పుస్తకంలో ఇది వివరంగా రాశారు. 1970ల నుంచి సవరల మధ్య గడిపిన పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ఒక పుస్తకం, 2017లో మరొకటి రాశారు. ఆ మధ్యలో చాలా ఊళ్ళు క్రైస్తవంలోకి వెళ్ళాయి, చనిపోయినవాళ్ళతో మాటలు ఆగిపోయాయి. ఒక తల్లి చచ్చిపోయిన బిడ్డతో మాట్లాడేది, ఇప్పుడు ఆమె కూతురికి ఆ దారి లేదు. ఆ ఇద్దరి మధ్య నవల ఉంది. తెలుగులో ఎవరైనా రాస్తే ముందుగా కొని చదివేవాణ్ణి నేనే.

కొండ దిగితే ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటలోంచే ఆ పేరు వచ్చిందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని నేలమట్టం చేసింది. చేపల వేటకి వెళ్ళే పల్లెల్లో గంగమ్మకి మొక్కనిదే పడవ కదలదు. ఒకప్పుడు ఈ ఇళ్ళనుంచి ‘రంగం’ వెళ్ళినవాళ్ళెందరో. రంగూన్‌ని మావాళ్ళు అలాగే అనేవారు. అందరూ తిరిగి రాలేదు.

వీటికి తోడు మూత్రపిండాల జబ్బు. పలాసలో 2023 డిసెంబరులో పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి మంచినీళ్ళు తెచ్చారు. ఈ జబ్బుకి ఇదీ కారణమని శాస్త్రం ఇంకా ఒక్కమాటగా తేల్చలేదు. కారణం తెలియని చావు ఉన్నచోట జనం కథ అల్లుకుంటారు. ఆ కథ ఎవరి మెడకి చుట్టుకుంటుందన్నదే రచయిత ఆలోచించాల్సింది. మన పల్లెల్లో చిల్లంగి పెట్టిందన్న నెపంతో ఆడవాళ్ళను కొట్టారు, చంపారు కూడా. యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘తులసిదళం’ క్షుద్రవిద్యతో పాఠకుల్ని ఊపిరి బిగబట్టి చదివించింది. రంగనాయకమ్మ దాన్ని ఎదిరిస్తూ ‘తులసిదళం కాదు, గంజాయిదమ్ము’ అని పుస్తకమే రాశారు. ఆ కోపం న్యాయమైనదని నా అభిప్రాయం. అమాడి మగవాళ్ళు వరసగా పోయినా ఇహువోమాను ఊరి చేత మంత్రగత్తె అనిపించలేదు. నవల చివరిదాకా ఆమె గౌరవం తగ్గలేదు. ఉద్దానంలో భర్తను పోగొట్టుకున్న పడుచు గురించి ఎవరు రాసినా ఆ ఒక్కటీ ఆయన దగ్గర నేర్చుకోవాలి.

అందుకు ముందు వినాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. 1931లో దానికి వ్యాకరణం, తర్వాత నిఘంటువులు అచ్చువేశారు. పలాస, టెక్కలి, సోంపేటల్లో చదువుకుంటున్న పిల్లలకి ఇప్పుడు చేతిలో ఫోనుంది. జీడిపిక్కలు ఒలిచే అమ్మల దగ్గరికి, వలలు బాగుచేసుకునే తాతల దగ్గరికి వెళ్ళండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రికార్డు చేయండి, ఊరి పేరూ తేదీ రాసుకోండి. సవర కథైతే సవరలోనే పట్టుకోండి. దాన్నుంచి కథ పుట్టి అచ్చయితే, కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో తెరిచిన కథానిలయానికి ఒక ప్రతి పంపండి.