జీతం కాదు, గౌరవ వేతనం

అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. సర్కారు మనుషులతో పని ఎలా చేయించుకుంటుందో తెలియాలంటే, నన్నడిగితే, ఒక కేంద్రం గడప తొక్కితే చాలు.

1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పుడు టీచరమ్మది సేవ అన్నారు. సేవకు జీతం ఏముంటుంది, గౌరవ వేతనం పెట్టారు. పని మాత్రం పెరుగుతూ పోయింది. పొద్దున్నే గుడ్లు లెక్కపెట్టుకోవాలి. ఏడ్చే పిల్లాణ్ణి తూకం సంచిలో కూర్చోబెట్టి, ముల్లు నిలిచేదాకా ఆగాలి. ఆ అంకెను రిజిస్టర్లో రాసి, మళ్లీ పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ కోసం డాబా ఎక్కినవాళ్లను చూశాను. ఆయా రాకపోతే వంట కూడా ఆవిడ నెత్తినే.

ఈ టీచర్లది ప్రభుత్వోద్యోగం కాదని 2006లో సుప్రీంకోర్టు అంది. గ్రాట్యుటీ మాత్రం ఇవ్వాల్సిందేనని 2022లో అదే కోర్టు తేల్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వీళ్లు మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు నడిచింది. మధ్యలో అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించారు. ఎస్మా పెట్టేటప్పుడు అత్యవసర సేవ, జీతమడిగితే స్వచ్ఛంద సేవ! ఈ లెక్క నాకిప్పటికీ బోధపడదు.

సూపర్‌వైజరు పోస్టుల్లో సగం టీచర్లకే ప్రమోషన్ ఇచ్చి నింపాలని 2022 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. కనీసం అదైనా వేళకి చేయాలి.