ఫిర్యాదుకు రశీదు

'పోలీసు స్టేషను మెట్లెక్కకుండా బతికితే అదే పదివేలు' అనే మాట మన బి. మల్లాపురం, బొమ్మిడి ప్రాంతపు తెలుగు ఇళ్ళలో పెద్దలు ఇప్పటికీ అంటూంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. మన ధర్మపురి జిల్లాలోనే, సిత్తేరి కొండల దిగువన వాచాత్తి అనే గిరిజన గ్రామం ఉంది. 1992 జూన్ 20న గంధపు చెక్క సోదాల పేరిట అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఆ ఊరి మీద పడ్డారు. ఇళ్ళు ధ్వంసం చేశారు, జనాన్ని కొట్టారు, 18 మంది స్త్రీలపై అత్యాచారం చేశారు. పైగా బాధితుల మీదే కేసులు పెట్టి జైలుకు పంపారు.

ఎవరి మీద ఫిర్యాదో వారి చేతికే కాగితం ఇవ్వవలసి వస్తే ఏమవుతుందో ఆ ఊరివాళ్ళకు తెలిసింది. గిరిజన సంఘం, వామపక్ష నాయకులు పట్టు వదలకుండా కోర్టుకెక్కారు. 1995లో మద్రాసు హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించాకగాని కేసు కదలలేదు. 2011 సెప్టెంబరు 29న ధర్మపురి ప్రత్యేక కోర్టు, నిందితులైన 269 మందిలో అప్పటికి బతికున్న 215 మందినీ దోషులుగా తేల్చింది. సరిగ్గా పన్నెండేళ్ళకు, 2023 సెప్టెంబరు 29న, హైకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. బాధిత స్త్రీలకు తలా 10 లక్షలు ఇవ్వాలని, అప్పటి కలెక్టరు, ఎస్.పి., జిల్లా అటవీ అధికారులపైన కూడా చర్య తీసుకోవాలని ఆదేశించింది. న్యాయం జరిగింది, కాని 31 ఏళ్ళు పట్టింది.

బ్యాంకులో లెడ్జరు రాసిన గుమాస్తా చేత ఆ లెడ్జరును ఆడిట్ చేయించరు. అతను దొంగ అని కాదు, పద్ధతి అది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పిందీ ఇంచుమించు ఇదే. పోలీసులపై ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలోను, ప్రతి జిల్లాలోను రిటైరైన జడ్జి అధ్యక్షతన ప్రత్యేక అథారిటీ ఉండాలన్నది. తమిళనాడు 2013లో చేసిన చట్టంలో మాత్రం ఆ కుర్చీని రాష్ట్రంలో హోం కార్యదర్శికి, జిల్లాలో కలెక్టరుకు ఇచ్చారు. వాచాత్తి తీర్పులో కలెక్టరు ప్రస్తావన కూడా వచ్చిందని గుర్తుంచుకుంటే, ఇందులో లోటు ఎక్కడుందో తెలుస్తుంది.

అయినా పౌరుడి చేతిలో ఏమీ లేదనుకోకూడదు. కేసు పెట్టదగిన నేరమని చెబితే ఎఫ్.ఐ.ఆర్. రాసి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టం ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా దగ్గరి స్టేషనులో ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో తీసుకోకపోతే ఎస్.పి.కి పోస్టులో పంపవచ్చు. అక్కడా పని జరగకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. ఎవరినైనా అరెస్టు చేస్తే పోలీసులు పేరు, హోదా కనిపించే బ్యాడ్జి పెట్టుకోవాలని, ఇంటివాళ్ళకు కబురు చెప్పాలని 1996లోనే డి.కె. బసు తీర్పు ఆదేశించింది.

జాతీయ మానవ హక్కుల కమిషనుకు రాయడానికి రుసుము లేదు. అయితే సంఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా ఫిర్యాదు తీసుకుంటారు కనుక, తమిళం రాయడం రాని మన పెద్దవాళ్ళు తెలుగులోనే రాసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. నోటిమాటతో సరిపెట్టకండి. తేదీ, వేళ, స్థలం, చూసినవారి పేర్లు వేసి రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, సంతకం వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి, ఆ రశీదును మీ ఆస్తి కాగితాలతో పాటే భద్రపరచండి.