ఏసీ, గీజర్ లోడ్ ఎక్కువ రాశారా? అభ్యంతరం ఇలా పెట్టండి
(గృహజ్యోతి లబ్ధిదారులకు – సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ)

ఇంటి తనిఖీకి వచ్చిన కరెంటు సిబ్బంది ఏసీ, గీజర్, కూలర్ చూసి లోడ్ రాసుకుంటారు. ఆ లెక్కలో తప్పుంటే మీరు ప్రశ్నించవచ్చు. కానీ గడువు దాటితే కష్టం. జీరో బిల్లు వస్తోంది కదా అని నోటీసును పక్కన పెట్టొద్దు.

యూనిట్లు వేరు, లోడ్ వేరు
2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతిలో చూసేది యూనిట్లు. నెలకు 200 లోపు వాడితే జీరో బిల్లు. దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. లోడ్ అంటే మీ సర్వీసుకు కనెక్ట్ అయిన పరికరాల సామర్థ్యం మొత్తం. దాన్ని కిలోవాట్లలో లెక్కిస్తారు. మంజూరైన లోడ్ కంటే ఎక్కువ ఉంటే నోటీసు వస్తుంది.

తప్పు ఎక్కడ జరగొచ్చు?
• ఏసీ ప్లేటు మీద రెండు అంకెలుంటాయి. 1.5 టన్నుల ఏసీకి చల్లదనం సామర్థ్యం సుమారు 5 కిలోవాట్లు. అది తీసుకునే కరెంటు (ఇన్‌పుట్ పవర్) సుమారు 1.5 కిలోవాట్లే. లోడ్ లెక్కకు రెండోదే కావాలి.
• గీజర్ 2 కిలోవాట్లదైతే 3 అని రాసి ఉండొచ్చు. ప్లేటు చూడండి.
• వైరు తీసేసి మూలన పెట్టిన పాత గీజర్‌ను లెక్కలో కలిపి ఉండొచ్చు.
• పక్క పోర్షన్ వాళ్లకు వేరే మీటర్ ఉన్నా, వాళ్ల ఏసీ మీ సర్వీసులో రాసి ఉండొచ్చు.

ఉన్న ఏసీని దాచి అభ్యంతరం పెట్టొద్దు. ఒకేసారి ఎంత లోడ్ వాడారో మీటర్‌లో (ఆర్‌ఎండీ) నమోదవుతుంది.

మీకొచ్చిన కాగితం ఏది?

1. అదనపు లోడ్ నోటీసు
నెల రోజుల గడువు ఉంటుంది. ఆ లోపు డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ కట్టి లోడ్ పెంచుకోవాలి, లేదా అదనపు పరికరం తీసేయాలి. ఏదీ చేయకపోతే కనెక్షన్ తీసేస్తారు. లెక్క తప్పైతే గడువులోపే సెక్షన్ ఆఫీసులో ఏఈకి రాసివ్వండి. పరిష్కారం కాకపోతే టీజీఎస్పీడీసీఎల్ వినియోగదారుల ఫిర్యాదుల వేదిక (సీజీఆర్‌ఎఫ్)కు వెళ్లండి. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు అప్పీలు చేయండి.

2. సెక్షన్ 126 ప్రొవిజనల్ ఆర్డర్
ఇది విద్యుత్ చట్టం–2003 కింద, అనుమతి లేని వాడకం అని ఇచ్చేది. ఉదాహరణకు ఇంటి మీటర్ మీద షాపు నడపడం. రేటు రెండింతలు వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కగడతారు. 7 రోజుల్లో కట్టడమనేది ఒప్పుకున్నవాళ్లకే. ఒప్పుకోనివాళ్లు ఆర్డర్‌లో రాసిన అధికారికి వెంటనే అభ్యంతరం ఇవ్వాలి. మీ మాట విన్నాకే, 30 రోజుల్లో తుది ఆర్డర్ ఇవ్వాలి. దాని మీద 30 రోజుల్లో అప్పీలు చేయొచ్చు, కానీ సగం డబ్బు ముందే కట్టాలి. ఈ కేసులు సీజీఆర్‌ఎఫ్ తీసుకోదు. అక్కడికి తిరిగి గడువు పోగొట్టుకోకండి.

అభ్యంతరం ఇలా రాయండి
“నా సర్వీసు నంబరు ____. ____ తేదీ తనిఖీలో ఏసీ లోడ్ ____ కిలోవాట్లుగా రాశారు. ప్లేటు మీద ఇన్‌పుట్ పవర్ ____ వాట్లు ఉంది. ఫొటో జత చేశాను. మళ్లీ తనిఖీ చేసి లోడ్ సరిచేయగలరు.”

జత చేయాల్సినవి: నోటీసు, తాజా బిల్లు, ప్లేటు ఫొటో, ఏసీ కొన్న రసీదు ఉంటే దాని జిరాక్సు.

గుర్తుంచుకోండి
• ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు. తనిఖీ రిపోర్టులో తప్పుంటే అక్కడే “ఒప్పుకోవడం లేదు” అని రాసి సంతకం చేయండి.
• ఇచ్చిన ప్రతి కాగితానికి తేదీతో రసీదు తీసుకోండి.
• నోటి మాటగా చెప్పి రావొద్దు. 1912కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు రాసుకోండి.
• లోడ్ సరైందే అయితే గడువులోపు పెంచుకోవడమే మేలు. 1.5 కిలోవాట్ల ఏసీ పూర్తి సామర్థ్యంతో రోజుకు 6 గంటలు నడిస్తే నెలకు 270 యూనిట్లు అవుతాయి. అప్పుడు ఆ నెల జీరో బిల్లు రాదు.