విమాన ప్రయాణంలో డ్రోను, దాని బ్యాటరీలు

పెళ్లిళ్లలో వీడియోలు తీసే మన కుర్రాళ్ల చేతికి ఇప్పుడు డ్రోను వచ్చింది. హోసూరు వాళ్లు బెంగళూరులో విమానమెక్కి విశాఖపట్నం పెళ్లికి వెళ్లవచ్చు, బరంపురం వాళ్లు భువనేశ్వర్ మీదుగా హైదరాబాదు వెళ్లవచ్చు. అలాంటి ప్రయాణానికి పెట్టె ఎలా సర్దుకోవాలో ఈవేళ చెప్పుకుందాం.

డ్రోను ఖరీదైనది కనుక దాన్ని చేతిసంచిలో ఉంచుకుని, బ్యాటరీలను పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. నిబంధన దీనికి సరిగ్గా ఎదురు. విడి బ్యాటరీలు మీతోపాటు విమానం లోపలికే రావాలి. కౌంటరులో అప్పగించే సామానులో అవి ఉండకూడదు.

ఎందుకంటారా? ఇవి లిథియం బ్యాటరీలు. లోపల ఒక సెల్లు చెడి వేడెక్కితే, ఆ వేడి పక్క సెల్లుకు పాకుతుంది, అక్కడినుంచి మరోదానికి. విమానం అడుగున సామాను గదిలో మంటలార్పే వాయువు ఉంటుంది. అది మంటను అణచగలదు గాని బ్యాటరీ లోపలి వేడిని చల్లార్చలేదు. అదే పైన, మనుషుల మధ్య అయితే, పొగ కనిపించగానే సిబ్బంది నీళ్లు పోసి చల్లబరుస్తారు. 2010 సెప్టెంబరు 3న దుబాయిలో ఒక సరుకు విమానం కూలిపోయి పైలట్లిద్దరూ మరణించారు. బ్యాటరీలున్న సరుకులో పుట్టిన నిప్పే ఆ ప్రమాదానికి మూలం.

ఇక లెక్క చూద్దాం. బ్యాటరీ మీద వోల్టులు, మిల్లీ ఆంపియర్ అవర్లు రాసి ఉంటాయి. రెండో అంకెను వెయ్యితో భాగించి, వోల్టులతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 15.4 వోల్టులు, 5000 మిల్లీ ఆంపియర్ అవర్లు అనుకోండి: 77 వాట్ అవర్లు. 100 వరకు ప్రత్యేక అనుమతి అక్కరలేదు. 100 దాటి 160 లోపు అయితే విమాన సంస్థ ముందుగా ఒప్పుకోవాలి, విడివి రెండుకు మించకూడదు. 160 దాటితే ప్రయాణికుల సామానుగా తీసుకువెళ్లే ఆశ వదులుకోవలసిందే. సింధనూరు, గంగావతి క్యాంపుల్లో పొలానికి మందు కొట్టే డ్రోన్ల సంగతి ఇదే. 22 వోల్టులు, 16,000 అని రాసి ఉంటే 352 వాట్ అవర్లు అవుతుంది!

ప్రతి బ్యాటరీ కొసలకు టేపు అంటించి, దేనికదే వేరే ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. తాళంచెవులో, చిల్లర నాణేలో తగిలితే చాలు, షార్టు అవుతుంది. చార్జి సగానికి తక్కువ ఉంచడం మేలు. ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఇంటి గడప దాటించవద్దు. విమానం తలుపు దగ్గర చోటు లేదని మీ చేతిసంచిని కింద వేస్తామంటే, ముందు బ్యాటరీలు బయటకు తీసుకోండి. తొందరలో మరిచిపోయేది ఇక్కడే.

డ్రోను సంగతి తేలిక. బ్యాటరీ తీసి, రెక్కలు ఊడదీసి, కెమెరాకు బిగింపు పెట్టి, మెత్తటి పెట్టెలో ఉంచితే సరి. దాన్ని చేతిలో తేనిస్తారా, కింద వేయమంటారా అన్నది సంస్థను బట్టి ఉంటుంది. టికెట్టు కొనేటప్పుడే అడగండి.

విదేశాల్లో ఉన్న మీవాళ్లు డ్రోను కానుకగా తెస్తామంటే మాత్రం ఆపండి. 2022 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధనకూ, రక్షణ, భద్రతా అవసరాలకూ మాత్రమే మినహాయింపు ఇచ్చింది. తెచ్చిన వస్తువు కస్టమ్స్ దగ్గరే ఉండిపోతుంది.