డేటాబేస్ నుంచి మెనూ లోపల మెనూ: ఒక్క క్వెరీతో ఎలా చేయాలి? ఐటమ్స్ మాయమైతే ఎక్కడ వెతకాలి?

ఏ మొబైల్ సైట్ ఓపెన్ చేసినా పైన మెనూ ఉంటుంది కదా. "మొబైల్స్" మీద నొక్కితే బ్రాండ్లు, బ్రాండ్ మీద నొక్కితే సిరీస్‌లు. వెబ్ డెవలప్‌మెంట్ కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్ని హెచ్‌టీఎంఎల్‌లో చేత్తో టైప్ చేసేస్తుంటారు. నేనూ అదే చేశాను. మా బావకి మొబైల్ యాక్సెసరీస్ షాపు ఉంది, దానికి పీహెచ్‌పీలో సైట్ చేసిచ్చాను. కొత్త ఫోన్ వచ్చిన ప్రతిసారీ "ఒరేయ్, దీని కవర్లు కూడా మెనూలో పెట్టరా" అని ఫోన్. ఆ పోరు పడలేక మెనూ మొత్తాన్ని డేటాబేస్‌లోకి మార్చి, అడ్మిన్ పేజీ తన చేతికే ఇచ్చేశాను. దాంతో ఇంకో పోరు మొదలైంది. అది కాసేపట్లో చెప్తాను, ముందు టేబుల్ చూద్దాం.

ఒకే ఒక్క టేబుల్ చాలు. బ్రాండ్లకి ఒకటి, సిరీస్‌లకి ఒకటి అని విడివిడిగా పెట్టకండి. రేపు నాలుగో లెవెల్ కావాలంటే మళ్లీ కొత్త టేబుల్ చేసుకోవాలి. ఐడీ, పేరు, లింక్, పేరెంట్ ఐడీ, వరుస నంబర్. ఈ ఐదు కాలమ్స్‌తో పని అయిపోతుంది. మా బావ సైట్‌లోవి కొన్ని:

1 – మొబైల్స్ – పేరెంట్ లేదు
2 – యాక్సెసరీస్ – పేరెంట్ లేదు
3 – శాంసంగ్ – పేరెంట్ 1
4 – షావోమీ – పేరెంట్ 1
5 – గెలాక్సీ ఎస్ సిరీస్ – పేరెంట్ 3
6 – కవర్లు – పేరెంట్ 2
7 – సిలికాన్ కవర్లు – పేరెంట్ 6

పేరెంట్ లేని చోట 0 కాకుండా నల్ పెట్టండి. 0 పెడితే ఫారిన్ కీ ఒప్పుకోదు, ఎందుకంటే 0 అనే ఐడీతో రో లేదు. నల్ ఉన్నవాటిని వెతికేటప్పుడు మాత్రం "ఈజ్ నల్" అని రాయాలి. ఈక్వల్ గుర్తు పెడితే ఒక్క రో కూడా రాదు.

ఇప్పుడు దీన్ని మెనూగా ఎలా మార్చాలి? అందరికీ మొదట తట్టేది ఒకటే. ఒక ఐడీ ఇస్తే దాని పిల్లల్ని డేటాబేస్‌లో అడిగే ఫంక్షన్ రాసి, ప్రతి పిల్లకీ మళ్లీ అదే ఫంక్షన్‌ని పిలవడం. అంటే రికర్షన్. కోడ్ పది లైన్లు కూడా ఉండదు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ లెక్క వేయండి. మెనూలో 60 ఐటమ్స్ ఉంటే ప్రతి ఐటమ్ "నాకు పిల్లలున్నారా?" అని ఒకసారి అడుగుతుంది, పై వరుస కోసం ఇంకొకటి. మొత్తం 61 క్వెరీలు. ఒక్కోదానికి 2 మిల్లీసెకన్లు అనుకున్నా 122. ఇంకా ఒక్క ప్రోడక్ట్ కూడా లోడ్ అవ్వలేదు! మీ ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ పక్కనే ఉంటుంది కాబట్టి తేడా తెలీదు. హోస్టింగ్‌లో పెట్టాకే తెలుస్తుంది.

రికర్షన్‌లో తప్పేం లేదు. దాని లోపల క్వెరీ పెట్టడమే తప్పు.

అందుకని ముందు అన్ని రోలనీ వరుస నంబర్ ప్రకారం సార్ట్ చేసి ఒకే క్వెరీతో తెచ్చుకోండి. తర్వాత ఒక ఖాళీ అర్రే తీసుకుని, ప్రతి రోనీ దాని పేరెంట్ నంబర్ రాసున్న డబ్బాలో వేయండి. నల్ అయితే 0 డబ్బా. పైన ఉన్న 7 రోలు ఇలా సర్దుకుంటాయి: 0 డబ్బాలో మొబైల్స్, యాక్సెసరీస్. 1 డబ్బాలో శాంసంగ్, షావోమీ. 2లో కవర్లు, 3లో ఎస్ సిరీస్, 6లో సిలికాన్ కవర్లు. ఇక ప్రింట్ చేసే ఫంక్షన్ 0 డబ్బా తెరుస్తుంది. ఒక్కో ఐటమ్‌ని రాసి, దాని ఐడీతో డబ్బా ఉంటే అదీ తెరుస్తుంది. డేటాబేస్ జోలికే వెళ్లదు.

కొంతమంది డబ్బాలు లేకుండా, రో రాగానే నేరుగా దాని పేరెంట్‌కి తగిలిస్తారు. పేరెంట్ ముందే వచ్చి ఉంటే సరే. కానీ 12వ ఐడీ ఇయర్‌బడ్స్‌ని, నిన్న కొత్తగా పెట్టిన 40వ ఐడీ "ఆడియో" కిందికి మార్చారనుకోండి. పిల్ల ముందు, తల్లి వెనక. కోడ్ తెల్లముఖం వేస్తుంది. డబ్బాలకి ఈ గొడవే లేదు, ఎవరు ముందొచ్చినా పర్లేదు.

హెచ్‌టీఎంఎల్‌లో ఒక్క జాగ్రత్త: లోపలి లిస్ట్ పేరెంట్ ఐటమ్ ట్యాగ్ మూయకముందే రావాలి, మూసేశాక కాదు. పేర్లని ఎస్కేప్ చేయడం కూడా మర్చిపోకండి.

ఇక మా బావ కథ. ఒకరోజు సాయంత్రం ఫోన్. "ఏరా, మెనూలో కవర్లు లేవేంటి? గూగుల్ నుంచి వచ్చేవాళ్లకి కవర్ల పేజీ తిరుగుతూనే ఉందంట." షాపులో ఎక్కువ అమ్ముడయ్యేవే కవర్లు. నేను మెనూ కోడ్ ముందేసుకుని రెండు గంటలు చూశాను. ఏమీ దొరకలేదు, ఎందుకంటే అందులో తప్పు లేదు. చివరికి టేబుల్ తెరిస్తే తెలిసింది. సిలికాన్ కవర్లకి పేరెంట్ 6, అంటే కవర్లు. బావ పొరపాటున కవర్లకి పేరెంట్‌గా 7 ఎంచుకున్నాడు. ఒకరికొకరు తల్లులైపోయారు!

ఇక్కడ నేను ఊహించింది వేరు. ఇలాంటి చక్రం పడితే మెనూ ఫంక్షన్ ఆగకుండా తిరుగుతుందనుకున్నాను. తిరగదు. ఒక్కో ఐటమ్‌కి పేరెంట్ ఒకటే కాబట్టి, చక్రంలో పడినవాటికి పై నుంచి వచ్చే దారి తెగిపోతుంది. 6, 7 డబ్బాల్ని ఎవరూ తెరవరు. ఎర్రర్ లేకుండా ఆ కొమ్మ మొత్తం మాయం. తిరిగేది కింద నుంచి పైకి ఎక్కే కోడ్. "హోమ్ > యాక్సెసరీస్ > కవర్లు" అని పేజీ పైన చూపిస్తాం కదా, ఆ బ్రెడ్‌క్రంబ్. 7 నుంచి 6కి, 6 నుంచి మళ్లీ 7కి... పేరెంట్ లేని ఐటమ్ వచ్చేదాకా ఎక్కుదామంటే అది ఎప్పటికీ రాదు. పేజీ వేలాడింది అందుకే.

ఫారిన్ కీ దీన్ని ఆపదు. 6, 7 రెండూ నిజంగా ఉన్న ఐడీలే, దానికి అంతే కావాలి. అందుకే నేను మూడు మార్పులు చేశాను. అడ్మిన్ పేజీలో పేరెంట్ ఎంచుకునే డ్రాప్‌డౌన్‌లో ఆ ఐటమ్‌నీ, దాని కింద ఉన్న సంతానం మొత్తాన్నీ తీసేశాను. సేవ్ చేసేటప్పుడు సర్వర్‌లో కూడా అదే చెక్ పెట్టాను. బ్రెడ్‌క్రంబ్ కోడ్ దాటొచ్చిన ఐడీల్ని గుర్తుపెట్టుకుంటుంది, ఒకటి రెండోసారి ఎదురైతే ఆగిపోతుంది. మూడోది చిన్నదే గానీ నాకు బాగా నచ్చింది: డేటాబేస్ నుంచి ఎన్ని రోలు వచ్చాయో, మెనూలో ఎన్ని ప్రింట్ అయ్యాయో లెక్కపెట్టి, తేడా ఉంటే లాగ్‌లో రాయడం. పేరెంట్‌ని హైడ్ చేసి పిల్లల్ని మర్చిపోయినా ఇది పట్టేస్తుంది.

వర్డ్‌ప్రెస్‌లో కూడా మెనూ ఐటమ్స్ డేటాబేస్‌లోనే ఉంటాయి, పేరెంట్ నంబర్ పోస్ట్ మెటాలో ఉంటుంది. దాని వాకర్ క్లాస్, లెవెల్స్‌కి లిమిట్ పెట్టకపోతే, ఇలా తల్లి దొరకని ఐటమ్స్‌ని చివర్లో పై వరుసలోనే చూపించేస్తుంది. మాయం చేయడం కన్నా అదే నయం.

"మరి మైఎస్‌క్యూఎల్ 8.0లో రికర్సివ్ క్వెరీ ఉందిగా?" అంటారేమో. ఉంది, బాగుంటుంది. లక్షల కేటగిరీల్లో ఒక్క కొమ్మ మాత్రమే కావాలంటే అదే వాడండి. 60 ఐటమ్స్ మెనూకి మాత్రం డబ్బాలు చాలు. అదీ కాక మెనూ రోజూ మారదు కాబట్టి, తయారైన హెచ్‌టీఎంఎల్‌ని ఫైల్‌లో దాచి, అడ్మిన్‌లో సేవ్ కొట్టినప్పుడు ఆ ఫైల్ తీసేస్తే చాలు. మిగతా టైమ్‌లో ఆ ఒక్క క్వెరీ కూడా పోదు.

డ్రాప్‌డౌన్ మార్చాక బావకి చూపించాను. ఇక నువ్వు కావాలని నొక్కినా కుదరదు బావా అన్నాను. "ఈ పనేదో ముందే చేయొచ్చుగా" అన్నాడు.