కణమునకు వర్తమాన మెట్లు చేరును?

ఆటలలో మోకాలు చెక్కుకొనిపోయినచో కొలది దినములలో క్రొత్తచర్మము పుట్టును. గాయము పూడినంతనే ఆ పెరుగుదల నిలుచును. పెరుగుమని కణములకు చెప్పిన దెవరు? చాలునన్న దెవరు?

మన కణజాతులలో నించుమించుగా ప్రతిదానియందును కేంద్రక మను గది గలదు. అందు డి.ఎన్.ఏ. అను మహాగ్రంథము భద్రముగా నున్నది. కచేరీలో అసలు దస్తావేజు బీరువాలో నుండగా నకలు మాత్రమే కక్షిదారునకు అందునట్లు, కావలసిన పుటకు మాత్రమే నకలు వెలువడును. ఈ నకలు వ్రాతయే అనులేఖనము. నకలు పేరు ఆర్.ఎన్.ఏ. దానినిబట్టి కణము ప్రోటీనులను కట్టుకొనును. ఏ పుట నెప్పుడు వ్రాయవలెనో తెలుపు ఆజ్ఞలలో కొన్ని వెలుపలినుండి వచ్చును. వానిని తెచ్చునవి వృద్ధికారకములు. గాయమునొద్ద రక్తములోని ప్లేట్‌లెట్లు వీనిని విడుచును.

అమెరికా శాస్త్రజ్ఞుడు స్టాన్లీ కోహెన్ చిట్టెలుకల లాలాజలగ్రంథుల సారమును పసి చిట్టెలుకలకు ఎక్కించగా, అవి వేళకు ముందే కన్నులు తెఱచినవి. ఇతరులైన నవ్వి ఊరకుందురేమో! ఆయన దానిని వెంబడించి, 1962లో అందుకు కారణమైన పదార్థమును ప్రకటించెను. అది 53 అమైనో ఆమ్లముల చిన్న హారము. 1986లో ఆయనకును, నాడీవృద్ధికారకమును కనుగొనిన రీటా లెవీ-మొంటాల్చినీకిని నోబెల్ బహుమానము లభించెను.

విశాఖ రేవు వెలుపల లంగరు దించిన ఓడ పంపిన వర్తమానము చేతులు మారి ఆనందపురపు వర్తకుని కొట్టునకు చేరుటను తలచుకొనుడు. ఓడ సముద్రముననే యున్నది. అట్లే వృద్ధికారకము కణపు పైపొరమీది గ్రాహకమును తాకును. గ్రాహకము లోపలి రాస్ అను ప్రోటీనును మేలుకొలుపును. రాస్ రాఫ్‌ను, రాఫ్ మెక్‌ను, మెక్ ఎర్క్‌ను లేపును. ఎర్క్ కేంద్రకమున ప్రవేశించి, డి.ఎన్.ఏ. నంటియున్న ఎల్క్-1 వంటి ప్రోటీనులపై ఫాస్ఫేటు ముద్ర వేయును. నిమిషములలో ఫాస్ అను జన్యువునకు నకళ్లు వెలువడును. కొంతసేపటికే ఆ వ్రాత సన్నగిల్లును. ఫాస్ ప్రోటీను మఱికొన్ని జన్యువులను లేపగా కణము రెండగుటకు సిద్ధపడును.

మేలుకొనుటకంటె మరల నిద్రించుటయే గొప్ప సంగతి యని మా తలంపు. రాస్ తనను మేల్కొలిపిన జి.టి.పి. అను పదార్థమును తానే విఱిచి శాంతించును. అట్లు కాకున్నచో? ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నందిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డిగారు 1982లో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో సహచరులతో గూడి, మూత్రాశయపు రాచపుండునుండి తీసిన రాస్ జన్యువును పరీక్షించిరి. మంచి జన్యువునకును దానికిని భేదము ఒక్క అక్షరము! 12వ స్థానమున గ్లైసీనునకు బదులు వాలీను చేరినది. ఆ యేడే మఱి రెండు బృందములును ఇదే కనుగొనెను. ఇట్టి రాస్ శాంతించుట నెఱుగదు. వృద్ధికారకము రాకున్నను పెరుగుమనుచునే యుండును.

అదే స్థానమున సిస్టీను చేరిన రాస్‌ను పట్టి నిలుపు సోటోరాసిబ్ అను మందునకు 2021లో అమెరికాలో అనుమతి లభించినది. దోషము బయటపడిన 39 సంవత్సరములకు!